గొర్రె ఒంటి వేడి: జ్వరమా, ఎండదెబ్బా?

వైఎస్సార్ కడప జిల్లా గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని ప్రవహిస్తుంది. వేసవిలో ఇక్కడి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పగలంతా కాగిన బండలు పొద్దు గుంకిన తర్వాత కూడా వేడిని వెలువరిస్తూనే ఉంటాయి. ఇటువంటి నేలపై మేసే గొర్రె తన శరీర ఉష్ణోగ్రతను సుమారు 38.5 నుండి 39.5 డిగ్రీల మధ్య నిలుపుకోవాలి. ఆ బాధ్యత మెదడులోని హైపోథలామస్ అనే చిన్న భాగానిది.

చర్మం నుండి, రక్తం నుండి అందే వేడి సమాచారాన్ని హైపోథలామస్ గ్రహించి, నాడీ రసాయనాల ద్వారా శరీరానికి ఆజ్ఞలిస్తుంది. ఈ రసాయనాల ప్రభావం జాతిని బట్టి మారుతుంది. ఫెల్డ్‌బర్గ్, మయర్స్ 1963లో పిల్లుల మెదడు కుహరాలలోకి సెరటోనిన్ ఎక్కించినప్పుడు వాటి ఉష్ణోగ్రత పెరిగింది. గొర్రెలలో అదే సెరటోనిన్ రొప్పును పెంచి ఉష్ణోగ్రతను తగ్గించినట్లు జాన్ బ్లై బృందం ప్రయోగాలు తెలిపాయి. నోర్ అడ్రినలిన్ మాత్రం చలిలో వేడి ఉత్పత్తిని, ఎండలో రొప్పును అణచివేసింది. అందువల్ల ఒక జంతువులో కనిపించిన ఫలితాన్ని మరొకదానికి యథాతథంగా అన్వయించరాదు.

ఎండలో ఎక్కువసేపు ఉన్న గొర్రెకు హైపోథలామస్ నిర్ణయించిన స్థాయి మారదు. వేడిని వదిలించుకొనే శక్తి మాత్రమే చాలదు. అది నోరు తెరచి రొప్పుతుంది, నీడను వెదకుతుంది. జ్వరంలో జరిగేది వేరు. రోగక్రిములు సోకినప్పుడు ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం హైపోథలామస్‌లోని ఆ స్థాయినే పెంచుతుంది. జ్వరం ఎక్కే దశలో గొర్రె వణుకుతుంది, చెవులు చల్లబడతాయి. జ్వరం మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ వెల్లడించారు. ఎండదెబ్బలో వేడి పెరగడానికి కారణం ప్రోస్టాగ్లాండిన్ కాదు కనుక ఆ మందులు వేడిని తగ్గించలేవు. వాటిని నమ్ముకొని కాలయాపన చేస్తే గొర్రె దక్కదు.

నిండు సూడి గొర్రెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈతకు ముందు రోజులలో గొర్రెలకు జ్వరం సరిగా రాదని 1978లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మెదడులో వాసోప్రెసిన్ హార్మోన్ జ్వరాన్ని అణచగలదని తదుపరి ప్రయోగాలు చూపాయి. కాబట్టి ఈనబోయే గొర్రె ఒళ్లు వెచ్చగా లేనంత మాత్రాన వ్యాధి లేదని భావించరాదు. మేత మానడం, నెమరు వేయకపోవడం, మందకు దూరంగా నిలబడడం కూడా గమనించాలి.

అనుమానం కలిగినప్పుడు థర్మామీటరుతో ఆసనం ద్వారా ఉష్ణోగ్రత చూడాలి. మధ్యాహ్నం పెరిగిన వేడి తెల్లవారేసరికి సాధారణ స్థాయికి దిగితే ఎండ ప్రభావమని ఊహించవచ్చు. తెల్లవారుజామున కూడా ఎక్కువగానే ఉంటే వ్యాధిని శంకించి పశువైద్యునికి చూపాలి. ఎండదెబ్బ తగిలిన గొర్రెను వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, గాలి తగిలేటట్లు చేయాలి. తాగగలిగితే కొద్దికొద్దిగా నీరు ఇస్తూ, ఆలస్యం చేయక పశువైద్యుని పిలిపించాలి. మందను చల్లని వేళల్లో మేపి, మధ్యాహ్నం చెట్ల నీడన నిలిపితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.