నీటికి గేట్లున్నాయి, జనానికేవీ?

ధవళేశ్వరం: గోదావరికి వరద వచ్చిందంటే ఆనకట్ట మీదికి జనం తరలి రావడం మన ప్రాంతంలో మామూలే. చంకన పిల్లలతో ఆడవాళ్ళు, మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు, వేరుశనక్కాయలు అమ్ముకునేవాళ్ళు. అదొక తీర్థంలా ఉంటుంది. పిట్టగోడ పట్టుకుని ఎర్రనీటి సుడులు చూస్తున్నవారికి తమ కాళ్ళ కింద ఎంత లెక్క నడుస్తున్నదీ తట్టదు.

ఆ లెక్క చిన్నది కాదు. కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి ఇప్పటి బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు నాలుగింటికీ కలిపి 175 గేట్లు. ఒక్క ధవళేశ్వరం వైపే 70 ఉన్నాయి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు కూడా ఇక్కడివారు వేసుకున్న ప్రశ్నలు రెండే. ఎంత వస్తోంది? ఎంత వదలాలి?

నీటి విషయంలో ఇంత జాగ్రత్త ఎరిగిన మనం, అదే గోదావరి ఒడ్డున వేలమంది మనుషులు చేరేచోట ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటున్నామా? స్నానాల రేవులు, కబడ్డీ పోటీల మైదానాలు, నాటకాల పందిళ్ళు, సినిమా హాళ్ళు, తీర్థాలు. ఎక్కడ చూసినా "ఎంతమంది వస్తారు?" అన్నదే మాట. "ఎట్లా వెళతారు?" అని అడిగేవారు అరుదు.

మరువలేని ఉదయం

2015 జులై 14. గోదావరి పుష్కరాల తొలిరోజు. ఇక్కడికి కూతవేటు దూరంలోని రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది యాత్రికులు ప్రాణాలు విడిచారు. పుణ్యానికి వచ్చినవారి చెప్పులు, సంచులు, చీరకొంగులు మెట్ల దగ్గర గుట్టపడిన దృశ్యం ఈ ప్రాంతం వారెవరికీ కళ్ళముందు నుంచి పోలేదు. దీనిపై జస్టిస్ సి.వై. సోమయాజులు ఏకసభ్య కమిషన్ విచారణ జరిపింది. పన్నెండు రోజుల పండుగ అది. గోదావరి పొడుగునా రేవులున్నాయి. అయినా ముహూర్తం వేళకు అదే ఘాట్‌లో మునగాలన్న నమ్మకంతో జనమంతా ఒక్కచోటికే వచ్చి పడ్డారు.

నీటి భాషలో చెప్పాలంటే నదినంతా ఒకే గేటుకు మళ్ళించినట్లయింది. ఏ లస్కరూ చెయ్యని పని అది.

ఇది భక్తుల అమాయకత్వం వల్ల వచ్చిన చిక్కని కొట్టివెయ్యడానికి వీల్లేదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలో మరణించారు. వారిలో ఎక్కువమంది చదువుకున్న యువకులే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో మంటలు లేచి 59 మంది చనిపోయారు. పొగలో చిక్కుకున్నవారికి బయటపడే దారులు సరిగా లేకపోవడమే అక్కడ కొంపముంచింది. గుడి అయినా, ఆట అయినా, సినిమా అయినా ఇరుకు ఇరుకే.

మెట్ల మీద నేర్చిన పాఠం

1971 జనవరి 2న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఇబ్రాక్స్ అనే ఫుట్‌బాల్ మైదానంలో ఆట ముగిశాక జనం ఇంటిముఖం పట్టారు. దిగే మెట్ల మీద ఒకరిపై ఒకరు పడి 66 మంది చనిపోయారు. లోపలికి వచ్చేటప్పుడు కాదు, వెళ్ళేటప్పుడు! ఆ తర్వాత 1973లో బ్రిటిష్ ప్రభుత్వం ఆటస్థలాల భద్రతకు ఒక మార్గదర్శిని అచ్చువేసింది. తర్వాత్తర్వాత దిద్దుకుంటూ వచ్చిన ఆ పుస్తకంలోని లెక్క మన ఊరి పెద్దలకు కూడా పనికివస్తుంది.

చదునైన నేల మీద ఒక మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది వెళ్ళగలరు. మెట్లయితే 66 మందే. జనమంతా ఎనిమిది నిమిషాల లోపల బయటపడాలి.

ఇప్పుడు మన హైస్కూలు మైదానం సంగతి చూద్దాం. ప్రహరీకి రెండు మీటర్ల గేటు ఒక్కటే ఉందనుకుందాం. నిమిషానికి 164 మంది చొప్పున ఎనిమిది నిమిషాలకు 1,312 మంది వెళతారు. లోపల 5,000 మంది పట్టేంత చోటు ఉండవచ్చు గాక, ఆ మైదానం నిజమైన కొలత 1,312 మందే. 5,000 మందిని కూర్చోబెడితే అందరూ వెళ్ళడానికి అరగంట పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, వాన ముంచుకొచ్చినా, పందిరికి నిప్పంటుకున్నా ఆ అరగంట ఎవరిస్తారు? అదే గేటు ముందు బజ్జీల బండి పెట్టించి, ఒక రెక్కకు తాళం వేస్తే ఆ 1,312 కూడా సగమైపోతుంది.

ఖర్చు లేని మందు ఇందులోనే ఉంది. ఎదురువైపు ప్రహరీకి మరో గేటు పెడితే మైదానం ఒక్క గజం పెరగకుండానే రెట్టింపు మందికి సరిపోతుంది.

జగ్గన్నతోట చెప్పేది

ఇదంతా దొరల పుస్తకాల్లోనే ఉందనుకోవద్దు. కోనసీమలో కనుమ నాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. అక్కడ గుడి లేదు, మండపం లేదు. కొబ్బరితోటే వేదిక. పదకొండు గ్రామాల రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరుతారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీటిలో దిగి దాటి వస్తాయి. వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చినప్పుడు మిగిలినవాటిని పైకెత్తి గౌరవిస్తారు. ఏ ప్రభ ఎటు నుంచి రావాలో, ఎక్కడ నిలవాలో, ఎవరు భుజం పట్టాలో ఆ ఊళ్ళవారికి పెద్దలు నేర్పిన మర్యాద. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. అందరూ దాని రంగులను మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసింది ఆ క్రమాన్ని కూడా.

మూడు హెచ్చరికలు

ఊళ్ళో ఉత్సవ కమిటీలు, ఆటల సంఘాలు, పంచాయతీలు ఆనకట్ట పద్ధతినే అనుసరించవచ్చు. మైదానం కొలతకు సగంమంది చేరగానే మొదటి హెచ్చరిక: గేట్ల ముందు బళ్ళు, దుకాణాలు తీయించాలి. ముప్పాతిక నిండగానే రెండోది: దూరంగా రోడ్డు మీదనే జనాన్ని నిలిపి, మైకులో చెప్పాలి. నిండగానే మూడోది: గేటు మూయాలి. వచ్చేవారి దారి, వెళ్ళేవారి దారి వేర్వేరుగా ఉండాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. అంబులెన్సు దారిలో ఎవరినీ నిలబడనివ్వరాదు. రేవుల్లో అయితే లోతు తెలిసేలా గొలుసులు, చేతికందేలా పడవ, గజఈతగాళ్ళు తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యం, గేటు మూయించే అధికారం ఎవరిదో ముందుగా తేలాలి. పెద్దమనుషులు వచ్చారని, చందా ఇచ్చారని, మనవాళ్ళేనని తెరిపించే చేతులు పది ఉంటాయి. మూయమని చెప్పే నోరు ఒక్కటైనా ఉండాలి. ఆ మాటకు సర్పంచి అయినా, శాసనసభ్యుడైనా కట్టుబడాలి. వరద వేళ బ్యారేజీ గేట్లు ఎవరి సిఫారసు మీదా లేవవు, దిగవు కదా!

2015 తర్వాత పన్నెండేళ్ళకు, అంటే 2027లో, గోదావరికి మళ్ళీ పుష్కరాలు. రేవులకు రంగులు వేయడం, దీపాలు కట్టడం మంచిదే. కాని రాజమహేంద్రవరం మొదలు సముద్రం దాకా ప్రతి రేవు దగ్గరా ఒక బోర్డు కట్టాలి. "ఈ రేవులో ఒకేసారి ఇంతమందికే చోటు. వెళ్ళే దారి ఇటు." ఆ అంకె వేయడానికి కోట్లు అక్కరలేదు. ఒక టేపు, ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు.

ఆ 27 మందిలో ఏ ఒక్కరూ తిరిగి రారు. నీటికి లెక్క కట్టిన ఊరు మనది. మనుషులకు లెక్క కట్టలేమా?