పలచని రేకు పనితనం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బొమ్మ చూపించి, చాలాచోట్ల దాని బయటి రేకు మందం రెండు మిల్లీమీటర్లేనని చెప్పగానే తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి లేచి, "మరి ఏదైనా తగిలితే చిల్లు పడదా సార్?" అంది. పడుతుందమ్మా, పడాలనే పెట్టారు అన్నాను. తరగతంతా నవ్వింది. నవ్వాల్సిన జవాబే గాని అక్షరాలా నిజం. ఆ రేకు ఉన్నదే చిల్లు పడటానికి. ఇంజనీరింగ్‌లో నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి మరొకటి లేదు.

దాని పేరు విప్పుల్ కవచం. ముందు ఒక పలచని అల్యూమినియం రేకు, దాని వెనక కొంత ఖాళీ, ఆ తర్వాత అసలు గోడ. అంతే. మోటారు లేదు, తీగ లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. దీన్నీ ఒక యంత్రం అంటావా అని ఎవరైనా కొట్టిపారేయొచ్చు. కానీ ఇది పనిచేసేది సెకనులో పదిలక్షల వంతుల లెక్కలో. ఆ కాస్త వ్యవధిలో ఇది లోహాన్ని నలిపి, చీల్చి, కరిగించి, వెదజల్లుతుంది. అదీ తన మీదికి వచ్చినవాడి శక్తితోనే.

ఫ్రెడ్ విప్పుల్ హార్వర్డ్‌లో ఖగోళ శాస్త్రవేత్త. తోకచుక్కలు దుమ్ము కలిసిన మంచుగడ్డలని చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. అల్యూమినియం రేకుతో ఆయన స్నేహం అంతకు ముందుదే. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రాడార్లను మభ్యపెట్టడానికి విమానాల నుంచి సన్నటి రేకు పీలికలు వెదజల్లేవారు. ఆ పీలికలను కత్తిరించే యంత్రం తయారీలో ఆయనకు భాగం ఉంది. యుద్ధం అయ్యాక 1947లో, మనిషి చేసిన ఉపగ్రహం ఒక్కటైనా ఆకాశంలో లేని రోజుల్లో, అంతరిక్ష ప్రయాణానికి ఉల్కల బెడద గురించి ఒక వ్యాసం రాశాడు. ఓడకు బయట, కాస్త ఎడంగా, ఒక పలచని తొడుగు వేయండి, ఉల్కాకణం దానికి తగిలి అక్కడే పేలిపోతుంది అన్నాడు. ఈ ఆలోచన ఆయనకే రావడం నాకు వింతగా అనిపించదు. ఏళ్ల తరబడి ఉల్కల ఫొటోలు తీసి వేగాలు లెక్కగట్టిన మనిషి. వంద కిలోమీటర్ల ఎత్తున ఉందో లేదో అన్నంత పలచగా ఉండే గాలి గట్టి ఉల్కాకణాలను బూడిద చేయడం రోజూ చూసినవాడికి, ఆపడానికి మందం అక్కర్లేదని తోచి ఉంటుంది. ఇది నా ఊహే అనుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. తుపాకి గుండు సెకనుకు ఒక కిలోమీటరు పోతే గొప్ప. భూమి చుట్టూ తిరిగే చెత్త అంతరిక్ష కేంద్రాన్ని గుద్దే వేగం సగటున సెకనుకు 10 కిలోమీటర్లు. సెకనుకు 3 కిలోమీటర్లు దాటిందంటే ఏ వస్తువైనా, ఇనుమైనా దూదైనా, తన బరువంత టి.ఎన్.టి. పేలుడు మందులో ఉండే శక్తిని కేవలం వేగంలోనే మోసుకొస్తుంది. 7 కిలోమీటర్ల దగ్గర అది దాదాపు ఆరు రెట్లు. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ అద్దాన్ని గుంట చేసింది మిల్లీమీటరులో ఐదో వంతున్న రంగు పెచ్చు.

మందపాటి గోడ కట్టి ఆపలేమా అంటే ఆపగలం. సెంటీమీటరు గుండుకు కొన్ని సెంటీమీటర్ల మందం కావాలి. అంత బరువును పైకి మోసుకెళ్లే రాకెట్టు ఎవరి దగ్గరుంది? ఉన్నా ఇంకో చిక్కుంది. గోడ చిల్లు పడకుండా నిలబడినా, దెబ్బ తాకిడికి లోపలి వైపు నుంచి లోహం పెచ్చులుగా ఊడి గదిలోకి ఎగురుతుంది. లోపలున్న మనుషులకు బయటి రాయి తగిలినా గోడ పెచ్చు తగిలినా తేడా ఏముంది?

పలచని రేకు అందుకే. అల్యూమినియంలో శబ్దం సెకనుకు ఐదారు కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. లోహంలో ఒక చివర తగిలిన దెబ్బ రెండో చివరకు తెలిసేది మామూలుగా ఆ వేగంతోనే. వచ్చే కణం అంతకంటే వేగంగా వస్తోంది. ముందు భాగం రేకును తాకి నలిగిపోతుండగా వెనక భాగానికి ఇంకా ఏమీ తెలియదు, దూసుకొస్తూనే ఉంటుంది. తాకిన చోట ఒత్తిడి, సెకనుకు 7 కిలోమీటర్ల దెబ్బకు, వాతావరణ పీడనానికి దాదాపు పదిలక్షల రెట్లకు చేరుతుంది. అక్కడి నుంచి షాక్ తరంగం కణంలోకి వెనక్కి పరుగెత్తుతుంది. వెనక అంచు దాటితే ఏముంది? శూన్యం. నెట్టడానికి ఎదురేమీ లేక ఆ తరంగం తిరగబడుతుంది. తిరగబడ్డాక అది నొక్కుడు కాదు, లాగుడు. నొక్కితే ఓర్చుకునే లోహం ఇంత లాగుడుకు ఓర్చుకోలేదు. పీలికలు పీలికలుగా చీలిపోతుంది. పైగా ఇంత గట్టిగా నొక్కి వదిలిన లోహం తన మీద పెట్టిన శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా దాచుకుంటుంది. ఆ వేడికి ముక్కలు కరుగుతాయి, ఇంకా వేగమైతే కొంత ఆవిరవుతుంది. రేకు అవతలి వైపు బయటికొచ్చేది గుండు కాదు, బుడగలా ఉబ్బుతున్న తుంపర మేఘం.

ఖాళీ జాగా పని అక్కడ మొదలవుతుంది. మేఘం ముందుకు పోతూ పక్కలకూ పరుచుకుంటుంది. దూరం రెండింతలైతే అది తాకే వైశాల్యం నాలుగింతలు. అద్దం మీద గులకరాయి విసిరితే పగులుతుంది, అంతే బరువు ఇసుక విసిరితే పగలదు. వెనక గోడకు దక్కేది ఆ ఇసుకే.

రేకు మందానికీ ఒక లెక్కుంది. మరీ పలచనైతే షాక్ మధ్యలోనే సద్దుమణిగి కణం వెనక భాగం పగలకుండా మిగిలిపోతుంది. మరీ మందమైతే రేకు ముక్కలే కొత్త గుళ్లై లోపలి గోడ మీద పడతాయి. రావచ్చనుకున్న కణం వ్యాసంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటే సరిపోతుంది. ఖాళీ మాత్రం ఆ వ్యాసానికి ముప్పై రెట్లుంటే మంచిది. నన్నడిగితే ఈ కవచంలో ముఖ్యమైన పదార్థం ఖాళీయే. దానికి బరువు లేదు, ఖర్చు లేదు.

ఇక నాకు బాగా నచ్చిన తిరకాసు. ఈ కవచం ఆపగలిగే కణం సైజుకూ దాని వేగానికీ గ్రాఫు గీస్తే, మొదట గీత కిందికి దిగుతుంది. వేగం పెరిగేకొద్దీ చిన్నవాటినే ఆపగలదు, అది సహజమే. సెకనుకు 3 కిలోమీటర్ల దగ్గర గీత తిరిగి పైకి లేస్తుంది! అక్కడి నుంచి 7 కిలోమీటర్ల దాకా వేగం పెరిగేకొద్దీ ఇంకా పెద్దవాటిని ఆపుతుంది. ఎందుకంటే 3 లోపు కణం పగలదు, గుండు గుండులాగే రేకును దాటేస్తుంది. 3 దాటాక ముక్కలవుతుంది, 7 దాకా వచ్చేసరికి కరుగుతుంది. ఆ తర్వాత గీత మళ్లీ మెల్లగా దిగుతుంది. అంటే సెకనుకు ఏడు కిలోమీటర్ల వాడికంటే మూడు కిలోమీటర్ల వాడే ప్రమాదకారి. అల్యూమినియం విషయంలో ఈ హద్దులు ఇవి, లోహం మారితే మారతాయి.

ఈ గీతను నేల మీద గీయాలంటే అంత వేగంతో గుళ్లు పేల్చే తుపాకి కావాలి. మామూలు తుపాకి పనికిరాదు. పేలుడు మందు వాయువులు బరువైనవి, తామే అంత వేగంగా వ్యాకోచించలేనివి గుండును ఏం తోస్తాయి? అందుకని రెండంచెల తుపాకి చేశారు. మందు పేలి ఒక పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గొట్టంలోని హైడ్రోజన్‌ను నొక్కుతుంది, నొక్కుడు హద్దు మీరగానే మధ్యలోని పలక చిరిగి, వేడెక్కిన ఆ తేలికపాటి వాయువు గుండును తోసుకుపోతుంది. న్యూ మెక్సికోలో నాసా వైట్ శాండ్స్ కేంద్రంలో ఇలాంటి తుపాకులతో సెకనుకు 7 కిలోమీటర్ల పైచిలుకు వేగం రాబడతారు. ఆపైన ఎక్కువగా కంప్యూటర్ లెక్కలే దిక్కు.

ఇంత తెలివైన కవచం ఒక పెద్ద పరీక్షలో ఏం చేసిందో చూడండి. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం పేరు చెబితే మనవాళ్లకు 1979 జులై గుర్తొస్తుంది. అది నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికాయి, ఎలాగూ పోతున్నాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారని పెద్దవాళ్లు చెబుతారు. అది పడటం సంగతి సరే, ఎక్కడమే ఒక కథ. 1973 మే 14న దాన్ని మనుషులు లేకుండా పైకి పంపారు. దానికి చుట్టిన ఉల్కా కవచం మందం 0.6 మిల్లీమీటర్లు. ఎక్కేటప్పుడు గోడకు అతుక్కుని ఉండి, కక్ష్యలోకి వెళ్లాక పదమూడు సెంటీమీటర్ల ఎడంగా జరగాలి. ఎగిరిన 63 సెకన్లకు రేకు కిందికి గాలి దూరింది. గాలి చొరబడకుండా మూయాల్సిన చోట సరిగా మూయలేదు. లోపలి ఒత్తిడికి రేకు లేచింది, బయటి గాలివాలు దాన్ని చీల్చి పట్టుకుపోయింది. పోతూ పోతూ ఒక సోలార్ రెక్క బిగింపునూ వదులు చేసింది, కాసేపటికి ఆ రెక్కా ఊడిపోయింది. రెండో రెక్కను రేకు పీలిక ఒకటి పట్టేసి తెరుచుకోనివ్వలేదు. సెకనుకు పదుల కిలోమీటర్ల ఉల్కను పేల్చగల కవచం గాలి చేతిలో ఓడింది.

ఆ రేకు ఎండకు చాటు కూడా. అది పోయేసరికి లోపల వేడి 50 డిగ్రీలు దాటింది. మర్నాడు వెళ్లాల్సిన వ్యోమగాములు కాన్రాడ్, కెర్విన్, వైట్జ్ పది రోజులు ఆగారు. ఆ పది రోజుల్లో నాసాలో పనిచేసే జాక్ కింజ్లర్ గేలం కర్రలు చూసి ఒక గొడుగు తయారు చేశాడు. లోపలి నుంచే, ప్రయోగాల కోసం పెట్టిన చిన్న రంధ్రంలోంచి బయటికి తోసి విప్పే గొడుగు! వెళ్లిన రోజు వైట్జ్ నౌక తలుపులోంచి బయటికి వంగి, కెర్విన్ కాళ్లు పట్టుకోగా, కొక్కెం కర్రతో రెక్కను లాగి చూశాడు, రాలేదు. మర్నాడు గొడుగు విప్పారు, వేడి దిగింది. జూన్ 7న కాన్రాడ్, కెర్విన్ బయటికి వెళ్లి, కరెంటు లైన్లవాళ్లకు పనిముట్లు చేసే కంపెనీ నుంచి తెప్పించిన కత్తెరను పొడవాటి కర్రకు తగిలించి ఆ పీలికను కత్తిరించారు. అయినా రెక్క కదల్లేదు, చలికి బిగుసుకుపోయింది. ఇద్దరూ తాడు భుజానికెత్తుకుని నిటారుగా లేచి లాగారు. ఒక్కసారిగా వదులై ఇద్దరూ గాల్లోకి, కాదు కాదు శూన్యంలోకి, ఎగిరిపడ్డారు. నడుముకు తాళ్లు ఉండబట్టి మిగిలారు. అంతరిక్షంలో మరమ్మతు అంటే ఈనాటికీ నాకు ఇదే ముందు గుర్తొస్తుంది.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. 1986లో జొట్టో అనే ఐరోపా నౌక హేలీ తోకచుక్క దగ్గరికి సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లింది. ముందు ఒక మిల్లీమీటరు రేకు, కొంత ఖాళీ, వెనక కెవ్లార్ అనే గట్టి నార పొర. దెబ్బలు తిని ఒరిగింది, కెమెరా పోయింది, నౌక బతికింది. తోకచుక్కల మనిషి కవచం తోకచుక్క ముందే పరీక్ష పాసైంది, అప్పటికి విప్పుల్‌కు 79 ఏళ్లు. నాసాలో బర్టన్ కూర్-పలే, జీన్ లీ క్రూస్ ఒక రేకు చాలదని, మళ్లీ మళ్లీ షాక్ ఇచ్చేలా పింగాణీ దారాల గుడ్డను పొరలు పొరలుగా వాడి చూశారు. అంతరిక్ష కేంద్రంలో ముఖ్యమైన చోట్ల రేకుకూ గోడకూ మధ్య ఆ గుడ్డ, కెవ్లార్ కలిపి కూరారు. రష్యావాళ్ల జ్వెజ్దా గదికి కవచం చాలక, 2002లో పెగ్గీ విట్సన్, వలేరీ కొర్జున్ బయటికి వెళ్లి ఆరు పలకలు బిగించారు. 2007లో యుర్చిఖిన్, కోతొవ్ మరో పదిహేడు బిగించారు. అదే విట్సన్ 2017లో షేన్ కింబ్రోతో కలిసి వేరేచోట కవచం గుడ్డలు తొడుగుతుండగా ఒకటి జారి తేలుతూ పోయింది. చెత్త నుంచి కాపాడాల్సినదే చెత్తయింది! అప్పటికప్పుడు అక్కడున్న ఒక పాత తొడుగును తెచ్చి ఆ జాగాలో కప్పారు.

కవచం లేని చోట కథ వేరు. 2022 డిసెంబరులో, కేంద్రానికి తగిలించి ఉన్న సోయూజ్ నౌక రేడియేటర్‌కు మిల్లీమీటరు కూడా లేని చిల్లు పడి శీతల ద్రవమంతా కారిపోయింది. ఉల్కాకణమే కారణమని రష్యా తేల్చింది. ముగ్గురికి తిరుగు ప్రయాణానికి ఖాళీ నౌక పంపాల్సొచ్చింది, వాళ్లలో ఒకడైన ఫ్రాంక్ రూబియో 371 రోజులు పైనే ఉండిపోయాడు. చెత్తను మనుషులే కావాలని పెంచిన సందర్భాలూ ఉన్నాయి. 2021 నవంబరులో రష్యా తన పాత ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పేల్చినప్పుడు కేంద్రంలో ఉన్న ఏడుగురిలో తండ్రి వైపు హైదరాబాదు మూలాలున్న రాజాచారి ఒకరు. ముక్కలు తగులుతాయేమోనని ఆయన బృందం డ్రాగన్ నౌకలోకి, మిగతావాళ్లు సోయూజ్‌లోకి వెళ్లి కూర్చున్నారు. రష్యాను తిట్టే ముందు 2019 మార్చి 27న మనమూ ఒక ఉపగ్రహాన్ని అలాగే పేల్చామని ఒప్పుకోవాలి. అది తక్కువ ఎత్తు కనుక చాలా ముక్కలు నెలల్లోనే పడిపోయాయి. అయినా అది మెచ్చుకోదగ్గ పనని నేను అనలేను.

చెత్త పెద్దదైతే రాడార్‌కు దొరుకుతుంది. కేంద్రం చుట్టూ 50 కిలోమీటర్ల పొడవు, 50 వెడల్పు, 4 మందం ఉన్న ఊహాపెట్టెలోకి అది వస్తుందంటే లెక్కలు మొదలవుతాయి. గుద్దే అవకాశం పదివేలలో ఒకటి దాటితే కేంద్రాన్నే పక్కకు జరుపుతారు. రాడార్లు నమ్మకంగా పట్టేది సుమారు పది సెంటీమీటర్లు, ఆపైవాటిని. గట్టి కవచమైనా ఆపేది సుమారు ఒక సెంటీమీటరు దాకా ఉన్నవాటిని. ఈ రెంటికీ మధ్య సైజువి భూమి చుట్టూ పదిలక్షల పైచిలుకు ఉన్నాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. వాటిలో ఒకటి తగిలితే ఇప్పటికున్న ఏర్పాటు ఒక్కటే. గాలి తగ్గుతోందని గంట మోగగానే గదుల తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ తిరుగు నౌకలోకి వెళ్లి కూర్చోవడం.