చేయి కదిపితే సరిగమలు... రెజ్యుమెలో సొంత రాగం!

ఈసీఈ విద్యార్థుల రెజ్యుమెలు పది తిరగేస్తే ప్రాజెక్టుల దగ్గర దాదాపు అవే పేర్లు. లైన్ ఫాలోయర్ రోబో, స్మార్ట్ డస్ట్‌బిన్, వెదర్ స్టేషన్. వాటిలో తప్పేమీ లేదు. కానీ ‘ఈ విలువే ఎందుకు పెట్టారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, రెడీమేడ్ కోడ్ తెచ్చుకున్నవారికి నోరు పెగలదు. అందుకే ఈ సెలవుల్లో ముట్టుకోకుండా వాయించే ఓ వాద్యాన్ని సొంతంగా చేసి చూడండి.

ఆలోచన పాతదే. 1920 ప్రాంతంలో రష్యాకు చెందిన లియోన్ థెరెమిన్ గాల్లో చేతులు కదిపితే పలికే వాద్యాన్ని తయారుచేశారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ చదువుకుంటూనే 1954లో థెరెమిన్లు అమ్మడం మొదలుపెట్టారు. పదేళ్లకు మూగ్ సింథసైజర్‌ను తీసుకొచ్చారు.

ఏమేం కావాలి?
ఆర్డునో ఉనో బోర్డు, హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్, పైజో బజర్, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు. క్లోన్ బోర్డు తీసుకుంటే వెయ్యి రూపాయల్లోపే అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. బజర్ మాత్రం ‘పాసివ్’ అని అడిగి తీసుకోండి. యాక్టివ్ బజర్ ఒకే స్వరం పలుకుతుంది. డబ్బు లేదంటారా? టింకర్‌క్యాడ్‌లో ఉచితంగా సిమ్యులేట్ చేయొచ్చు.

ఎలా పనిచేస్తుంది?
సెన్సర్ ట్రిగ్ పిన్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే, ధ్వని తరంగాలు వెళ్లి మీ చేతికి తగిలి తిరిగొస్తాయి. ఎకో పిన్ ఆ సమయాన్ని చెబుతుంది. దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 5 నుంచి 45 సెంటీమీటర్ల వరకు దూరాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో స్వరం ఇవ్వండి.

ఏ స్వరానికి ఎంత ఫ్రీక్వెన్సీ? షడ్జమాన్ని 240 హెర్ట్జ్ అనుకోండి. శంకరాభరణానికి వరసగా 240, 270, 300, 320, 360, 400, 450, 480. పంచమం షడ్జమానికి ఒకటిన్నర రెట్లు, పై షడ్జమం రెండు రెట్లు. ఆర్డునో టోన్ ఫంక్షన్ పూర్ణాంకాలే తీసుకుంటుంది కాబట్టి 240 ఇక్కడ భలే కుదురుతుంది. ఇప్పుడు అరేలో 270ని 256గా, 400ని 384గా మార్చండి. సంగీతం క్లాసులో మొదట నేర్పే మాయామాళవగౌళ సిద్ధం!

అసలు ఇంజినీరింగ్ ఇక్కడే
మొదటిసారి ఆన్ చేయగానే స్వరం గజగజ వణుకుతుంది. భయపడకండి, మీరు నేర్చుకోవాల్సింది ఆ వణుకులోనే ఉంది.

* రీడింగులు అదాటుగా ఎగిరితే: చివరి మూడు రీడింగుల్లో మధ్య విలువ తీసుకోండి. ఒక్క తప్పుడు రీడింగ్ వచ్చినా చెవికి తెలియదు. అయితే 60 మిల్లీసెకన్లకో రీడింగ్ చొప్పున, కొత్త స్వరం పలకడానికి రెండు రీడింగులు పడతాయి. నిలకడ కావాలా, వేగం కావాలా? నిర్ణయం మీదే.
* చేయి సరిగ్గా రెండు స్వరాల సరిహద్దులో ఉంటే: గీత దాటి మరో సెంటీమీటరు వెళ్తేనే స్వరం మారేలా రాయండి. దీన్నే హిస్టరిసిస్ అంటారు.
* బజర్ బదులు 8 ఓమ్‌ల స్పీకర్ నేరుగా పెట్టొచ్చా? వద్దు. 5 వోల్టుల దగ్గర అది 600 మిల్లీ ఆంపియర్లకు పైగా అడుగుతుంది. ఉనో పిన్ గరిష్ఠ పరిమితి 40 మాత్రమే. మధ్యలో యాంప్లిఫయర్ మాడ్యూల్ ఉండాల్సిందే.
* టోన్ నడుస్తుండగా 3, 11 పిన్ల మీద పీడబ్ల్యూఎం సరిగా పనిచేయదు. ఎందుకో టైమర్ల గురించి చదివి తెలుసుకోండి. ఎంబెడెడ్ ఇంటర్వ్యూలో పనికొచ్చే ప్రశ్న ఇది.

రెజ్యుమెలో ఎలా రాయాలి?
‘ఆర్డునోతో సంగీత వాద్యం’ అని వదిలేయకండి. ‘8 స్వరాల టచ్‌లెస్ వాద్యం, మీడియన్ ఫిల్టర్, హిస్టరిసిస్‌తో స్వరం వణుకు తగ్గించాను’ అని రాయండి. కోడ్, సర్క్యూట్ బొమ్మ గిట్‌హబ్‌లో పెట్టి, అర నిమిషం వీడియో లింక్ జతచేయండి. ఫిల్టర్ లేకముందు, పెట్టాక వచ్చిన రీడింగుల గ్రాఫ్ కూడా దాచుకోండి. ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు అదే మీ సమాధానం.

ఈ ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం రాదు. కానీ ఇంటర్వ్యూలో పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలిగే విషయం ఒకటి మీ చేతిలో ఉంటుంది.