తాడిచెట్టు మీద దూడగడ్డి

‘లాజిక్ లేదు’ అని రోజూ అనేస్తాం. అందుకు ‘అతార్కికం’ అనే తెలుగు మాట ఉన్నా నోటికి రాదు. ఆ మాట ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ అతకదో తెలియాలంటే నందివెలుగు, తెనాలి వైపు ఓసారి వెళ్లిరావాలి.

తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట. అబ్దుల్ ఖాదర్‌కీ అమావాస్యకీ ఏమిటి సంబంధం? మూడూ తర్కం లేని మాటల్ని ఎత్తిపొడిచేవే. కానీ మూడిట్లో తప్పు ఒకటి కాదు. మొదటివాడు చెప్పిన కారణం చేసిన పనికి అతకలేదు. రెండోవాడు తను విన్నది అసలు జరిగేపనేనా అని ఆలోచించలేదు. మూడోచోట రెండు విషయాలకీ పొంతనే లేదు. సామెతలు ఇంత తేడా చూపిస్తుంటే, చదువుకున్నవాళ్లం అన్నిటికీ ఒకే ముక్క వాడుతున్నాం.

పేరులోనే పరీక్ష

తెనాలికి దగ్గర్లోని నందివెలుగునే తీసుకుందాం. పేరు వినగానే నంది, కాంతి గుర్తొస్తాయి. అయితే తెలుగులో ‘వెలుగు’ అంటే కంచె అనే అర్థమూ ఉంది. ఆ ఊరి పేరు కాంతి నుంచి వచ్చిందా, కంచె నుంచి వచ్చిందా? వినసొంపుగా ఉంది కాబట్టి కాంతే అనేస్తే, అది కారణంలా కనిపిస్తుందే తప్ప కారణం కాదు. ఏ శాసనమో పాత దస్తావేజో చూపిస్తేనే కారణం.

కారణం వేషం వేసుకొచ్చే ఇలాంటిదాన్నే మన తార్కికులు ‘హేత్వాభాస’ అన్నారు. 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు ఆంధ్రుడే. చిన్న పుస్తకమే అయినా ఇప్పటికీ తర్కశాస్త్రం మొదలుపెట్టేవాళ్లకి అదే తొలి పాఠం. అందులో హేత్వాభాసలు ఐదు రకాలు. ఉదాహరణకి, పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందనడం సరైన తర్కం. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం తప్పు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలంటారు తార్కికులు.

అపార్థాన్ని అపార్థం చేసుకున్నాం

‘నన్ను అపార్థం చేసుకోకు’ అని అనని తెలుగువాడుండడు. తర్కశాస్త్రంలో ‘అపార్థకం’ అంటే వేరు. వాదంలో ఓడిపోయినట్టు లెక్కగట్టే 22 నిగ్రహస్థానాల్లో అదొకటి. పది దానిమ్మలు, ఆరు అప్పాలు, ఒక కుండ, మేకతోలు... ఇలా విడివిడిగా అర్థమున్న మాటలే కలిసి ఏమీ చెప్పకపోతే అది అపార్థకం. కావ్యదోషాల్లోనూ దండి ‘అపార్థం’ అనేదాన్ని చేర్చాడు. చేర్చి, పిచ్చివాడో తాగినవాడో పసివాడో మాట్లాడినప్పుడు మాత్రం అది దోషం కాదన్నాడు. వింటున్నవాడి పొరపాటుకి మనమిప్పుడు వాడుతున్న మాట ఒకప్పుడు మాట్లాడేవాడి లోపానికి పేరు.

తెనాలి అడిగిన ప్రశ్నలు

తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పురాణాల్ని హేతువుతో నిలదీశారు. పెళ్లితంతు అందరికీ అర్థం కావాలని తెలుగులో ‘వివాహవిధి’ రాశారు. ఏం ప్రమాణం చేస్తున్నామో తెలియకుండా చేస్తే అది ప్రమాణమెలా అవుతుంది? ఆ పుస్తకం మన ముందు పెట్టే ప్రశ్న ఇదే. మంత్రానికి అర్థం లేదని కాదు, పలికేవాడికి అది అందలేదని.

అదే తెనాలి మనకు ఇంకో దారీ చూపింది. 1947లో ‘చందమామ’ను స్థాపించినవాళ్లలో ఒకరైన చక్రపాణి, తర్వాత దశాబ్దాలపాటు ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివాళ్లే. పాత బేతాళ కథలు పాతికే. అవి అయిపోయినా చందమామ అదే చట్రంలో కొత్తవి అల్లింది. చాలా కథల్లో ఒకడు వింతగా ప్రవర్తిస్తాడు. చేతికొచ్చిన రాజ్యం కాదంటాడు, గెలిచిన పందెం వదులుకుంటాడు. ఇదేం తెలివి అని బేతాళుడు నిలదీస్తాడు. విక్రమార్కుడు అప్పటిదాకా మనకి కనపడని కారణం బయటికి తీస్తాడు. దాంతో మూర్ఖుడనుకున్నవాడే వివేకి అవుతాడు.

కవిరాజు దగ్గర కారణం అడగడం నేర్చుకుంటాం. బేతాళుడి దగ్గర కారణం కనపడనంత మాత్రాన లేదనుకోకూడదని నేర్చుకుంటాం. ఈ రెండూ తెలిసినవాడే ఎదుటివాడి మాటని అతార్కికం అనడానికి తగినవాడు. కారణం అడిగి, విని, తూచి చూశాక కూడా అతకకపోతే అప్పుడా మాట వాడొచ్చు. అదీ మాటకే, మనిషికి కాదు. కోపంలో ఉన్న తార్కికుడు కూడా అతార్కికంగా మాట్లాడగలడు.

ఏ మాట ఎక్కడ?

అతార్కికం: తర్కం ఉండాల్సిన చోట లేనిది. ‘చినుకు పడని ఊరికి వరద సాయం రాయడం అతార్కికం.’

అతర్క్యం: తర్కానికి అందనిది. ‘ఆ రాగం వింటే కళ్లెందుకు చెమరుస్తాయో అతర్క్యం.’ ఇది తప్పు పట్టే మాట కాదు.

నిర్హేతుకం: కారణం చూపనిది. ‘నిర్హేతుకంగా ఉద్యోగంలోంచి తీసేశారు.’

కుతర్కం: తర్కం తీరు ఉన్నా, బుద్ధి వంకరైనది. ‘హెల్మెట్ పెట్టుకున్నవాళ్లూ పోతున్నారుగా, నాకెందుకనడం కుతర్కం.’

వితండ: తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిదే కొట్టేయడం. టీవీ చర్చలు చూసేవాళ్లకి దీనికి ఉదాహరణ అక్కర్లేదు.