అప్‌డేట్ మీ ఫోన్‌కి వచ్చేముందు: కోడ్ రివ్యూ టూల్స్ ఎలా పనిచేస్తాయి?

ఫోన్‌కి అప్‌డేట్ వచ్చింది, ఇన్‌స్టాల్ చేశారు. మర్నాటి నుంచి బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ! ఈ అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అలాంటి అప్‌డేట్ ఒకటి బయటికి వెళ్లడానికి ఒకప్పుడు నేనే కారణం.

ఇక్కడ రాయడం మొదలుపెట్టకముందు ఒక చిన్న యాప్ టీమ్‌లో పనిచేసేవాడిని. ఓ శుక్రవారం సాయంత్రం టీమ్‌లో కుర్రాడు 900 లైన్ల మార్పు పంపి, "కాస్త చూడన్నా" అన్నాడు. పైపైన స్క్రోల్ చేసి అప్రూవ్ కొట్టేశాను. అందులో ఒకచోట వేక్‌లాక్ తీసుకున్నాడు కానీ, ఎర్రర్ వస్తే దాన్ని వదలడం లేదు. అంటే స్క్రీన్ ఆఫ్ చేసినా ప్రాసెసర్ నిద్రపోదు. సోమవారానికి ప్లే స్టోర్‌లో వరసగా ఒక్క స్టార్ రేటింగులు. మా దగ్గర మంచి టూలే ఉంది, చదివినవాడే లేడు.

అసలు పద్ధతి ఏంటి?

1976లో ఐబీఎంకి చెందిన మైఖేల్ ఫేగన్ కోడ్ తనిఖీ పద్ధతిని వివరిస్తూ ఒక పేపర్ ప్రచురించారు. అందరూ కోడ్ ముందే చదువుకుని రావాలి. మీటింగ్ 2 గంటలు దాటకూడదు. అక్కడ తప్పులు పట్టుకోవడమే పని, సరిచేయడం తర్వాత. సరిచేశారో లేదో చూసే బాధ్యత మోడరేటర్‌ది.

ఇప్పుడు టూల్స్‌లో

ఆ మీటింగ్ ఇప్పుడు స్క్రీన్ మీదకి వచ్చింది. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో గెరిట్ అనే టూల్ వాడతారు. మార్పు అప్‌లోడ్ చేస్తే, రివ్యూ చేసేవాళ్లు ఏ లైన్ దగ్గర అనుమానం వస్తే ఆ లైన్ దగ్గరే కామెంట్ పెడతారు. తర్వాత ఓటు. +1 అంటే "నాకు బాగానే ఉంది, కానీ ఇంకొకరు ఓకే చెప్పాలి". +2 అంటే ఆమోదం. -2 పడితే మార్పు అక్కడే ఆగిపోతుంది. గమ్మత్తేంటంటే, రెండు +1లు కలిపితే +2 అవదు! పూర్తి బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాల్సిందే.

ఒక్క లైన్‌కి ఇంత హడావిడి ఎందుకంటారా? 2014 ఫిబ్రవరిలో ఆపిల్ అర్జెంటుగా ఐఓఎస్ 7.0.6 ఇచ్చింది గుర్తుందా? కోడ్‌లో "గోటూ ఫెయిల్" అనే లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. దాంతో సురక్షిత కనెక్షన్‌లో సర్వర్ సంతకాన్ని సరిచూసే భాగం అమలే కాలేదు.

మీ టీమ్‌లో ఇవి పాటించండి

- మార్పులు చిన్నగా పంపండి. 900 లైన్లు ఎవరూ శ్రద్ధగా చదవరు, నాలాగే.
- "ఎవరైనా చూడండి" అనకుండా ఒకరి పేరు పెట్టండి.
- కామెంట్లన్నీ తేలేవరకు మెర్జ్ ఆపండి. ఆమోదం తర్వాత కోడ్ మారితే పాత ఆమోదం రద్దవ్వాలి. గిట్‌హబ్‌లో రెండింటికీ సెట్టింగులున్నాయి.
- స్పేస్‌లు, ఫార్మాటింగ్ లాంటివి ఆటోమేటిక్ చెక్‌లకి వదిలేయండి. మనిషి కళ్లు "ఎర్రర్ వస్తే ఏమవుతుంది?" అన్న దగ్గర ఉండాలి.

మా టీమ్‌లో ఆ సోమవారం తర్వాత కొత్త టూల్ ఏదీ కొనలేదు. శుక్రవారం సాయంత్రం అప్రూవ్ కొట్టడం మానేశాం, పెద్ద మార్పుల్ని ముక్కలు చేశాం. ఎవరు ఎప్పుడు ఏమన్నారో టూల్ గుర్తుపెట్టుకుంటుంది. చదవడం మాత్రం మన పనే.