కాడ్మియం నేలలో గ్యాసు పంట

బెల్జియం ఈశాన్యాన కాంపీన్ అనే ఇసుక నేలల ప్రాంతం ఉంది. పాత జింకు కర్మాగారాల పొగ దశాబ్దాల తరబడి అక్కడి పొలాల మీద దిగింది. నెదర్లాండ్స్ వైపు భాగంతో కలిపి దాదాపు 700 చదరపు కిలోమీటర్ల నేలలో కాడ్మియం చేరింది. ఆమ్ల గుణమున్న ఇసుక కదా, లోహాన్ని పట్టి ఉంచదు, వేరుకు ఇట్టే వదిలేస్తుంది. కూరగాయలు పండిస్తే విషం నేరుగా పళ్లెంలోకే.

మొక్కజొన్న రైతు ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, అక్కడి పరిశోధకుల ఉపాయం నాకు నచ్చింది: మొక్కజొన్నే వేయండి, పశువులకు పెట్టకుండా బయోగ్యాసుకు పంపండి. రైతుకు రాబడి ఆగదు. అయితే ఆ పంట లాగే కాడ్మియం బహు స్వల్పం. దీన్ని శుద్ధి అనడానికి నాకు నోరు రాదు. పైగా గ్యాసు తీశాక మిగిలే మడ్డిలో లోహం అలాగే ఉంటుంది. దాన్ని మళ్లీ పొలానికే తోలితే మొదటికే మోసం.

విల్లో చెట్టు ఇంతకన్నా ఎక్కువ లాగుతుంది. ఆకులో లోహం బాగా చేరుతుంది కనుక, రాలకముందే ఆకుతో సహా నరకాలి. నరికిన కట్టెను కాల్చే బాయిలరుకు పొగ వడపోత ఉండాలి, బూడిదను విడిగా భద్రపరచాలి. రెండు మూడేళ్లకోసారి ఇలా కొడుతూ పోయినా నేల తేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ మాట రైతుకు ముందే చెప్పాలి.