మీకు తెలుసా? మారుపేరే ప్రాణరక్ష

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలోకి వెళ్లిన కమ్యూనిస్టు కార్యకర్తకు మొదట మారేది పేరే. మల్లు స్వరాజ్యం దళాల్లో ‘రాజక్క’. ఆమెను పట్టిస్తే పది వేల రూపాయలిస్తామని నిజాం సర్కారు ప్రకటించింది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్‌లోకి భారత సైన్యం దిగాక, గాలింపులు తట్టుకోలేక చాలా దళాలు గోదావరి అడవుల దారి పట్టాయి. ఇల్లందు, పాల్వంచ వైపు కోయగూడేలే వాటికి ఆసరా.

పట్నాల్లో ‘డెన్’ నడిపే తీరు మరోరకం. ఏ చుట్టరికమూ లేని కార్యకర్తలు ఒకే కుటుంబంలా అద్దె ఇంట్లో కాపురం పెట్టేవారు. పక్కింటివాళ్లకు అనుమానం రాకుండా ఇల్లు నెట్టుకొచ్చే పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆనాటి స్త్రీల జ్ఞాపకాలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం అచ్చులోకి తెచ్చింది.

ఇక్కడ సర్కారు కన్ను కమ్యూనిస్టుల మీద. హంగేరీలో కమ్యూనిస్టు సర్కారు తన గూఢచారులనే నమ్మలేదు! పేటెర్ బెర్గెండీ 2011లో తీసిన ‘ఎ విజ్గా’ (పరీక్ష) సినిమా కథ అదే. 1957 క్రిస్మస్ ముందురోజు, టీచరుగా చలామణీ అయ్యే ఓ గూఢచారి విధేయతను అతని పైఅధికారే ఎదురింట్లో మాటువేసి పరీక్షిస్తాడు.